ఇనుం అన్నవాడి కోసం

ఈ వేసవి మొదట్లో కరీంనగర్‌లో ఒక డాక్టరు దగ్గర బీపీ చూపించుకోవడానికి కూర్చున్నాను. నా టోకెన్ ముప్పై ఎనిమిది, లోపలికి వెళ్ళింది పంతొమ్మిది. పక్క కుర్చీలో ఒక అమ్మాయి, ఆమె ఒళ్ళో నాలుగేళ్ళ పాప. అమ్మాయిది మన వైపు ముఖం కాదు. కట్టుకున్నది మాత్రం పసుపు రంగు నూలు చీర, మెడలో పుస్తెలు, కాళ్ళకు మెట్టెలు. పాప జ్వరంతో మెడ వాల్చేసింది. తల్లి సీసా మూత తీసి పాప పెదవుల దగ్గర పెట్టింది.

"ఇనోం, అనక్. ఇనోం, ఇనోం."

నేను లేచి నిలబడ్డాను.

"మీ నంబర్ రాలే సార్, కూసోండి" అంది టోకెన్లు రాసే పిల్ల. కూర్చోవడం నా వల్ల కాలేదు. గుండె దడదడలాడుతోంది, బీపీ అప్పుడు చూసి ఉంటే డాక్టరు హడలిపోయేవాడు. ఈ మాట కోసం ఒక మనిషి పాతికేళ్ళు చెవులు రిక్కించుకుని బతికాడు. ఆయనే గనక ఆ గదిలో ఉంటే కుర్చీల మీదుగా దూకి వచ్చేవాడు.

"అమ్మా, పాపతోని ఏమన్నవు?"

ఆమె ముందు బెదిరింది. నేను నెత్తి నెరిసినవాడినని చూసి ధైర్యం తెచ్చుకుంది.

"నీళ్ళు తాగు బిడ్డా అన్న సార్. మా భాషల. జరం ఉన్నది, తాగుతలేదు." శుభ్రమైన మన తెలుగు.

"మీది ఏ దేశం?"

"ఫిలిప్పీన్స్ సార్. మా ఆయనది కోరుట్ల దిక్కు. దుబాయిల కలిసినం."

ఫిలిప్పీన్స్ అనగానే నా చెవులు వేడెక్కాయి. ఆ దేశం పేరు పక్కన ఒకప్పుడు నేను ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను.

*

నేను హుస్నాబాద్‌లో డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేవాడిని. కరీంనగర్ నుంచి రోజూ బస్సులో రాకపోకలు. సాయంత్రం తిరుగు బస్సు కోసం మేము నిలబడే చోట వేసవి నాలుగు నెలలూ ఆ మాట కోసం బతికిన మనిషి చలివేంద్రం ఉండేది. నాలుగు వెదురు గుంజలు, పైన తాటాకు, కింద తడి ఇసుకలో కూర్చోబెట్టిన ఐదు రంజన్లు. ఆ మట్టి రంజన్లు ఆదిలాబాద్ దిక్కు నుంచి తెప్పించేవాడు. అక్కడి మట్టిలో నీళ్ళు చల్లబడ్డట్టు ఇంకెక్కడా చల్లబడవని ఆయన నమ్మకం.

ఆయన పేరు ఇక్కడ రాయను. అది ఆయన పద్ధతి. ఒక ఎన్నికల వేసవిలో ఎవరో నాయకుడి మనుషులు వచ్చి, పందిరికి ఫ్లెక్సీ కడతామని, నాయకుడి ఫోటో కింద ఆయన పేరు కూడా పెద్దక్షరాలతో వేయిస్తామని అన్నారు. ఆయన జగ్గు కింద పెట్టి నమస్కారం పెట్టాడు.

"నాకు నీళ్ళు పోసినోని పేరు తెల్వకుండనే నేను తాగిన. నేను పోసిన నీళ్ళు తాగెటోల్లకు నా పేరెందుకు?"

బస్సు ఆగగానే జగ్గు, రెండు స్టీలు గ్లాసులు పట్టుకుని కిటికీల వెంట నడిచేవాడు. నడక కాదు, పరుగే. "ఇనుం! ఇనుం!" అని కేక. కొత్తవాళ్ళు పాత ఇనుప సామాను కొనేవాడనుకునేవాళ్ళు. కండక్టర్లు తెలిసీ ఏడిపించేవాళ్ళు.

"ఓ కాకా, మా బస్సు తూకమేసుకుంటవా? అంత పాత ఇనుమే!"

"ఫస్టు నువ్వు నీళ్ళు తాగు కొడుకా, ఎండకు నీ నోరే తుప్పు వట్టింది."

ఆయనలో నన్ను మొదట పట్టేసింది ఇంకొకటి. గ్లాసు చేతికిచ్చాక పక్కకు తిరిగేవాడు కాదు. తాగేవాడి గొంతు వైపే చూసేవాడు. వాడి గుటక కదిలినప్పుడల్లా ఆయన గుటక కూడా కదిలేది. ఆఖరి గుక్క దిగేదాకా ఊపిరి బిగబట్టి, దిగాక తనే తాగినట్టు "హా" అని వదిలేవాడు. నేను ఒకసారి కావాలని మధ్యలో ఆపి చూశాను. ఆయన మెడ ముందుకు చాచి అలాగే నిలబడిపోయాడు. నేను మిగతా సగం తాగితే గానీ కదల్లేదు.

పొద్దున రంజన్ మూత తీయగానే మొదటి గ్లాసు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అంచు మీద బొటనవేలు ఆనించి సన్నటి ధారగా నేల మీద పోసేవాడు, పెదవులు కదిలిస్తూ. మన వైపు కల్లు తాగే ముందు అమ్మవారికి, పోయిన పెద్దలకు పేరు పెట్టి నాలుగు చుక్కలు కింద పోస్తారు కదా, సాక అని. అది కల్లుతో పోయడం చూశాను గానీ మంచినీళ్ళతో పోయడం ఆయన దగ్గరే చూశాను.

"ఎవరికి కాకా ఈ సాక?" అని అడిగాను. ఆ రోజు బస్సు ఆలస్యం. అలా విన్నాను ఆయన కథ.

"గల్ఫుల కట్టుబడి పని సారూ. ఎండల సెంట్రింగు కర్రలు మోస్తున్న. కండ్ల ముందట తెల్లగయింది, పడ్డ. తర్వాత ఎవడో నా మెడ కింద చెయ్యి వెట్టిండు. ఇసుక గాలికి అందరం మొఖానికి గుడ్డ సుట్టుకుందుము. ఆడూ సుట్టుకున్నడు. కండ్లొక్కటే కనవడ్డయి, గవి గూడ మసక మసక. 'ఇనుం, ఇనుం' అన్నడు. ఏందో తెల్వది. నోట్ల నీళ్ళు వడ్డంక తెలిసింది ఆ మాటకు మతలబు."

"తర్వాత?"

"నేను లేశి కూసునే యాల్లకు ఆ బ్యాచిని వేరే సైటుకు తోలిన్రు. ఆడు పోయిండు. ఆని సీసా ఉన్నది."

సీసా పందిరి గుంజకు వేలాడుతుండేది. మామూలు ప్లాస్టిక్ సీసా. పాత జీన్స్ ప్యాంటు గుడ్డను కోసి తెల్ల దారంతో దాని చుట్టూ కుట్టారు, తడిపితే నీళ్ళు చల్లగా ఉండేటట్టు. ఆ కుట్టు ఎంత నీటుగా ఉందో ఆయన వేలుతో తడిమి చూపించేవాడు. "మా నేతోల్ల ఇండ్లల్ల గూడ గింత సన్న కుట్టు కుట్టరు సారూ. ఆడెవడో ఓపికమంతుడు."

"సాక పోసుడంటే మాటలా?" అని ఆయనే మళ్ళీ అందుకున్నాడు. "మా బాపు పోస్తుండె. ఫలాన ఊరి ఫలానోనికి అని పేరు చెప్పి పోస్తుండె. పేరు, ఊరు చెప్పకుంటే ఎవలికని అందుతది? నాకు పేరు ఎట్లాగు లేదు. ఆడన్న మాటనే పేరు వెట్టుకున్న. ఊరన్న దొరకవట్టాలె. ఊరు గాకుంటే దేశమన్న. లేకుంటే నేను పోసేటి నీళ్ళు ఎటు పోవాల్నో తెల్వక తిరుగుతుంటయి."

అక్కడే గ్లాసులు కడుగుతున్న ఆయన భార్య తల ఎత్తింది. "బతికున్నోనికి ఎవడన్న సాక పోస్తడా సారూ? ఆని ఆయుస్సు తగ్గదా? చెప్పుండ్రి జర ఈ మనిషికి."

"కల్లు గాదే, నీళ్ళే గద. నీళ్ళతోని పెరుగుతది ఆయుస్సు."

"ఆ, పెరుగుతది. ఆడు నూరేండ్లు బతుకుతడు, నేను గీ గ్లాసులు కడుక్కుంట సస్త."

ఆ దేశాన్ని వెతకడం ఆయన గల్ఫులోనే మొదలుపెట్టాడు. అక్కడ మిగిలిన ఏళ్ళన్నీ, ఇంటికి వచ్చాక కూడా, బయటి దేశాల వాసన తగిలిన ప్రతి మనిషినీ ఒకే ప్రశ్న అడిగేవాడు. నీళ్ళు తాగుడును ఏమంటరు? ఒక చిన్న జేబు డైరీ ఆఖరి పేజీలో, పెద్ద పెద్ద అక్షరాలతో మూడు లైన్లు రాసుకున్నాడు. మలేషియా, మినుం, జగిత్యాల పిలగాడు చెప్పింది. ఇండోనేషియా, అదే మినుం, డ్రైవరు చెప్పింది, కానీ జావాలో వాళ్ళ ఇంట్ల వేరే మాట అంటరట. ఫిలిప్పీన్స్, ఇనోం, మెస్సు వంటాయన చెప్పింది.

*

ఇప్పుడు నా సంగతి.

మార్చి నెల, పరీక్షల పేపర్లు దిద్దుతున్న రోజులు. సాయంత్రం నలుగురు లెక్చరర్లం కలిసి బస్సు కోసం నిలబడ్డాం. నా జేబులో ఎర్ర పెన్ను. ఆయన డైరీ తెరిచి నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, మూడు దొరికినయి. ఇండ్ల ఏది అసలుది? మీరు పెద్ద పెద్ద బుక్కులు సదువుతరు. జర చూసి చెప్పుండ్రి."

మా వాళ్ళలో ఒకాయన నవ్వాడు. "కరెక్ట్ మనిషినే పట్టినవు కాకా. సార్‌కు తెల్వని దేశం లేదు."

అది ఎత్తిపొడుపని నాకు తెలుసు. తెలియదు, చూసి చెప్తాను అంటే సరిపోయేది. మూడు మాటలు. ఏళ్ళ తరబడి బల్ల మీద నిలబడి పాఠం చెప్పినవాడికి ఆ మూడు మాటలు గొంతు దాటవు. అప్పుడే బస్సు మలుపు తిరిగింది. నేను డైరీని బస్సు రేకుకే ఆనించి, మలేషియా లైను మీద ఒక గీత, ఇండోనేషియా లైను మీద ఒక గీత కొట్టి, ఫిలిప్పీన్స్ పక్కన టిక్కు పెట్టాను. పేపర్లు దిద్దినట్టే. ఒక పేపరుకు ఇచ్చేంత సమయం కూడా ఇవ్వలేదు.

"ఇదే. ఫిలిప్పీన్స్. ఇగ ఫికర్ జెయ్యకు."

ఆయన డైరీని రెండు చేతులతో తీసుకున్నాడు. "కొట్టేసినయి తప్పన్నట్టా సారూ?"

"తప్పే."

"గింత జల్ది తెలిసెనా!" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను బస్సు ఎక్కి కిటికీలోంచి చూస్తే, ఆ పేజీని భార్యకు చూపిస్తున్నాడు. ఆమెకు చదవడం రాదు. అయినా ఎర్ర టిక్కు ఆమెకూ అర్థమైంది.

మర్నాటి నుంచి సాక పోసేటప్పుడు పైకే వినిపించేది: "ఇనుంకు. ఫిలిప్పీన్స్ దేశం." అంతకుముందు గ్లాసు తిప్పుతూ ధారను అన్ని దిక్కులకూ పోసేవాడు. ఇప్పుడు ఒక్క దిక్కే, నాలుగు బొట్లు. ఎవరినీ ఏమీ అడగడం మానేశాడు. నేను మంచిపనే చేశాననుకున్నాను.

రెండేళ్ళు గడిచాయి. కొత్తగా స్మార్ట్‌ఫోన్ కొన్నాను. ఒక మధ్యాహ్నం క్లాసు లేక స్టాఫ్ రూములో కూర్చుని దాంతో ఆడుకుంటుంటే, ఏం తోచిందో, ఆ మాట కొట్టి చూశాను. మినుం.

ఆ తర్వాత గంట కొట్టినా నాకు వినిపించలేదు. మలేషియాలో మినుం. ఇండోనేషియాలో మినుం. ఫిలిప్పీన్స్‌లో ఒక చోట ఇనోం, ఉత్తరాన ఇంకో చోట ఇనుం. అక్కడితో ఆగితే ఆగేవాడిని. పసిఫిక్ సముద్రం మధ్యలో సమోవా అని ఒక దీవి, అక్కడ ఇను. టోంగాలో ఇను. న్యూజిలాండ్‌లో మావోరీలు, ఇను. ఎక్కడి న్యూజిలాండ్! అక్కడి నుంచి మళ్ళీ ఉత్తరాన సముద్రమంతా దాటితే హవాయి, అక్కడా ఇను. ఫిజీలో కొంచెం వేషం మార్చుకుని గును. ఇవన్నీ ఒక్క కుటుంబం భాషలట. వేల ఏళ్ళ కింద, పక్కన కట్టె కట్టుకున్న చిన్న పడవల్లో జనం దీవి నుంచి దీవికి వెళ్ళారు. చుట్టూ ఉప్పు నీళ్ళే, తాగడానికి పనికిరానివి. అంత నీళ్ళ మీద తాగు అనే మాటను మాత్రం చెడిపోకుండా దాచుకుని తీసుకుపోయారు. నేను లేచి స్టాఫ్ రూములో అటూ ఇటూ తిరిగాను. గోడ మీది ప్రపంచ పటం దగ్గరికి వెళ్ళి వేలితో కొలిచాను. రెండు జానలు చాలలేదు.

ఆ సంతోషం ఎంత ఉందో అంతే బరువుగా ఇంకొకటి మెల్లగా దిగింది. ఆయన రాసుకున్న మూడూ నిజమే. నేను కొట్టేసినవి కూడా.

వెంటనే వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. మరో రెండేళ్ళు చెప్పలేదు. చెప్తే, తెలియకుండానే టిక్కు పెట్టానని ఒప్పుకోవాలి, నలుగురిలో. పందిరి కనబడకుండా రోడ్డు అవతల నిలబడి బస్సు ఎక్కడం నేర్చుకున్నాను. దాహం వేస్తే కొట్టులో సీసా నీళ్ళు కొనుక్కునేవాడిని. దూరం నుంచి "ఇనుం, ఇనుం" వినబడుతుంటే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడిని. ఆయన మాత్రం రోడ్డు దాటి వచ్చి మరీ గ్లాసు చేతిలో పెట్టేవాడు. "ఏంది సారూ, అటుదిక్కు మంచిగ నీడ ఉండంగ ఈడ నిలవడ్తిరి?" అని నా గొంతు వైపు చూసేవాడు. నేను గబగబా తాగి గ్లాసు తిరిగిచ్చేవాడిని.

*

ఒక ఏప్రిల్ సాయంత్రం తప్పించుకోలేక పందిరి కిందికే వచ్చాను. అప్పుడే మలేషియా నుంచి సెలవు మీద వచ్చిన ఒక కుర్రాడు గ్లాసు అందుకుంటూ నవ్వాడు.

"కాకా, ఇనుం గాదు, మినుం అనాలె. మా దగ్గర మినుం."

"అది తప్పు కొడుకా" అన్నాడు ఆయన, ఎంతో ప్రేమగా.

"తప్పెట్లయితది? నేను ఆరేండ్లాయె ఆడ ఉండవట్టి."

ఆయన జేబులోంచి డైరీ తీశాడు. ఆ పేజీ మడతలు పడి మెత్తబడిపోయింది. ఎర్ర గీత మాత్రం చెక్కుచెదరలేదు. "గిదిగో. నేను గూడ రాసుకుంటి. సారు కొట్టేసిండు. అడుగు, గీడనే ఉన్నడు సారు."

కుర్రాడు నా వైపు చూశాడు. ఆయన కూడా చూశాడు, నేను ఒక్క మాటతో ఆ వాదం తేల్చేస్తానని గర్వంగా. పందిరి కింద పది పదిహేను మంది.

"కాకా, తప్పు నాది" అన్నాను. "ఆ పిల్లవాడు చెప్పిందే నిజం. నువ్వు రాసుకున్న మూడూ నిజమే. ఆ రోజు నాకు ఏమీ తెల్వకుండ గీతలు కొట్టిన. తర్వాత తెలిసింది. తెలిసి గూడ చెప్పలేదు."

ఆయనకు వెంటనే ఎక్కలేదు. "మూడూ నిజమెట్లయితయి? ఆడు ఒక్క దేశపోడే గద?"

ఫోన్ తీశాను. ఒక్కొక్క దేశం పేరూ, అక్కడి మాటా చదివాను. సమోవా దగ్గరికి వచ్చేసరికి ఆయన నోరు తెరుచుకుంది. న్యూజిలాండ్ అనేసరికి జగ్గు కింద పెట్టేశాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి సారూ. అంటే వీల్లందరు ఒక్క తల్లి పిల్లలా?"

"ఒక్క భాష పిల్లలు."

"మన ఆదిలాబాద్‌ల లేదా! గోండోల్లు నీళ్ళు తాగుడును ఒకటంటరు. ఆ పక్క గుట్టల కొలామోల్లు అంటే గూడ జర గట్లనే వినవడ్తది. రంజన్లు తేబోయినప్పుడు నేను రెండు దిక్కుల విన్న. రెండూళ్ళ నడుమ ఒక్క వాగు. వీల్ల నడుమ గూడ అంతే, జర పెద్ద వాగు!"

తెలిసీ రెండేళ్ళు మోసిన తప్పును నేను ఒప్పుకుంటే, ఆ మనిషి దాన్ని ఒక్క అంగలో దాటేశాడు. తర్వాత జరిగింది ఆ బస్టాండు పాతవాళ్ళకు ఇంకా గుర్తే. ఆయన పెద్ద రంజన్ మూత తీసి గ్లాసు ముంచాడు.

"సదువుండ్రి సారూ. ఒక్కొక్కటి. పైకెల్లి."

"మలేషియా."

గ్లాసెడు నీళ్ళు నేల మీద. బొట్టు కాదు, గ్లాసెడు.

"ఇండోనేషియా."

ఇంకో గ్లాసు. మలేషియా కుర్రాడు ఈల వేశాడు. నా గొంతు కూడా పెరిగింది. "సమోవా! టోంగా!" అని నేను అరవడం, ఆయన పోయడం. బస్సు దిగినవాళ్ళు ఎండకు మాడిపోతూ చుట్టూ మూగారు.

"ఓ కాకా, మేం దూపకు సస్తుంటే మన్నుకు పోస్తున్నవేంది!"

"జర ఆగుండ్రయ్యా, చుట్టాలొచ్చిన్రు!"

"ఏ చుట్టాలు? ఎవలు కనవడ్తలేరు" అంది భార్య, ఖాళీ అవుతున్న రంజన్‌ను రెండు చేతులా అడ్డం పట్టుకుని.

"మస్తు దూరం నుంచి వచ్చిన్రే. సముద్రంల ఉన్నరు. నీళ్ళ నడుమ ఉన్నరు గని మంచినీళ్ళు లేవు. పక్కకు జరుగు!"

హవాయి దగ్గరికి వచ్చేసరికి పందిరి కింద బురదయింది. ఆయన చెప్పులు అందులో కూరుకుపోయాయి. తడిసిన పంచెతో నిలబడి, చిన్నపిల్లవాడిలా నవ్వుతూ, మిగిలిన నీళ్ళు జనానికి పోశాడు. నాకు ఆఖరున ఇచ్చాడు. నేను తాగుతుంటే ఆయన గుటక కదిలింది.

గ్లాసు తిరిగి తీసుకుంటూ మెల్లగా అన్నాడు. కోపంగా కాదు. ఏదో లెక్క ఇప్పుడే గుర్తుకొచ్చినవాడిలా.

"నాలుగేండ్లు ఒక్క దిక్కే పోసిన సారూ."

నేను ఫోన్ జేబులో పెట్టేశాను.

"నడుమల కాగజ్‌నగర్ ఆయన ఫోన్ జేసిండు. గప్పుడు నాతోని గా సైటుల పనిజేసిన మనిషి. ఆ బ్యాచోల్లందరితోని దిగిన ఫోటో ఉన్నది, వచ్చి సూడు అన్నడు. అవసరం లేదన్న. సారు చెప్పిండు, దొరికింది అన్న."

ఆ ఆదివారమే ఇద్దరం కాగజ్‌నగర్ వెళ్ళాం. రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని, జీన్స్ గుడ్డ సీసా ఒళ్ళో పెట్టుకుని, వచ్చే పోయే స్టేషన్లన్నీ పండుగకు పోతున్నట్టు చూశాడు. ఆ పాత తోటి పనివాడు, కాగితం మిల్లులో చేసే తమ్ముడి క్వార్టర్లో ఉండేవాడట. అవి మిల్లు మూతపడి ఉన్న రోజులు. ఆ వరుసలో సగం ఇళ్ళకు తాళాలు. పక్కింటామె బయటికి వచ్చింది.

"వాల్లు పోయి ఏడాది దాటె. మహారాష్ట్ర దిక్కు పనికి పోయిన్రు. ఏ ఊరో చెప్పలే."

ఆ పనివాడు ఫోన్ చేసిన నంబరు అప్పటికే పనిచేయడం లేదు. కాకా ఒకసారి తాళం లాగి చూశాడు. తర్వాత పక్కింటామెను నీళ్ళు అడిగాడు. ఆమె చెంబు తెచ్చింది. గుమ్మం ముందు నాలుగు చుక్కలు పోసి, మిగతావి తాగి, "హా" అన్నాడు.

"కాకా, నేను ఆ రోజు తెల్వదు అనుంటే నువ్వు వచ్చి చూసుకునేటోనివి" అన్నాను.

"ఫోటోల ఏముంటది సారూ, అందరు మొఖాలకు గుడ్డలు సుట్టుకునే ఉంటరు. పరేషాన్ గాకుండ్రి." నన్ను ఓదార్చడానికే అన్నాడు. తిరుగు రైల్లో సీసా కుట్టును వేలుతో తడుముతూనే ఉన్నాడు. గుడ్డ చుట్టుకున్నా కళ్ళు కనబడతాయి కదా. ఆ కళ్ళను ఆయన గుర్తుపట్టేవాడేమో. ఆ ఒక్క అవకాశం నా ఎర్ర పెన్ను కింద పోయింది. ఆయన క్షమించాడు గానీ ఆ సంగతి మారదు. దీన్ని ఇలా రాయడం వల్ల కూడా మారదు.

*

రిటైరయ్యాక హుస్నాబాద్ వెళ్ళడం తగ్గిపోయింది. రెండేళ్ళ కింద ఒక వేసవిలో పనిపడి బస్సు దిగితే పందిరి ఉంది, రంజన్లు ఉన్నాయి, జగ్గుతో కిటికీల వెంట నడుస్తున్నది ఆయన భార్య.

"చలికాలంల పోయిండు సారూ. మీ నంబరు ఏడ రాసుకున్నడో దొరకలే."

నేను ఇసుక గట్టు మీద కూర్చుండిపోయాను. ఆమె గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆమె నా గొంతు వైపు చూడలేదు, రోడ్డు వైపు చూసింది.

"ఆఖరి పూట నోట్ల నీళ్ళు పోస్తే మింగుతలేడు. తాగయ్యా తాగయ్యా అన్న. కండ్లు తెరిశి నా మొఖం సూసిండు. ఏదో అడుగుతున్నడు, మాట వస్తలేదు. నాకు తెలుసు గద సారూ ఏం కావాల్నో. ఇన్నేండ్లు తిట్టిన. ఆ పూట చెవుల కాడికి వంగి 'ఇనుం, ఇనుం' అన్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మింగిండు."

*

మళ్ళీ డాక్టరు గదికి వస్తాను. టోకెన్ ఇరవై ఆరు నడుస్తోంది.

"అమ్మా, మీ దేశమంతా ఇనోం అనే అంటరా?"

"లే సార్. మా అమ్మమ్మది ఉత్తరాన. ఆడ ఇనుం అంటరు." ఆమెకు ఇప్పుడు సరదా పుట్టింది. "మీకెట్ల తెలుసు ఈ మాట? దుబాయ్ పోయిన్రా?"

"నేను పోలేదు. మా దగ్గర ఒకాయన పోయిండు."

పాప సీసా అంచు నోట్లో పెట్టుకుంది గానీ తాగడం లేదు. నేను వంగి, ఆ పాప కళ్ళలోకి చూసి "ఇనుం" అన్నాను. ముసలాయన నోట్లోంచి అమ్మమ్మ ఊరి మాట రావడం పాపకు వింతగా తోచిందేమో. నన్నే చూస్తూ ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. నేను ఆ చిన్న గొంతు వైపు చూస్తున్నాను. నా గుటక కదిలిందని, ఊపిరి బిగబట్టానని, ఆఖరి గుక్క దిగి "హా" అని వదిలాక గానీ నాకే తెలియలేదు. తల్లీ పాపా ఇద్దరూ నవ్వారు.

నా సంచిలో నీళ్ళ సీసా ఉంది. మూత తీశాను. అంచు మీద బొటనవేలు ఆనించాను. పాలరాయి నేల మీద సన్నటి ధార పడింది.

"సార్! సార్! గిప్పుడే తుడిచిపోయిన గదా!" అని ఆయా పరుగెత్తుకొచ్చింది.

"నేను తుడుస్తనమ్మా, ఆ బట్ట ఇటియ్యి" అన్నాను.

జర ఆగాలి, ఇంకా అయిపోలేదు. సాకకు పేరు కావాలి, ఊరు కావాలి. పాతికేళ్ళు వెతికినా ఆయనకు ఆ రెండూ దొరకలేదు. నాకు వెతికే పని లేదు. ఆయన పేరు నాకు తెలుసు, ఊరూ తెలుసు. రెండూ చెప్పి, మిగిలిన నీళ్ళు కూడా పోశాను.